కడిగిన ఆకులు

ఫ్రిజ్ అనేది మనుషులు తినే వస్తువులు దాచుకోవడానికి పుట్టిందని ఆకులాయనకు పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఎవరూ చెప్పినట్టు లేదు. పై అరలో పాలగిన్నె ఉండాల్సిన చోట నల్లటి జిగురు నింపిన బుడ్డీలు ముప్ఫై రెండు, ఒక్కోదానికి ఒక్కో నంబరు. కోడిగుడ్ల గుంటల్లో గుడ్లకు బదులు మూతలు బిగించిన చిన్న గొట్టాలు. కూరగాయల పెట్టెలో తడిగుడ్డ చుట్టిన కొమ్మలు. ఇంట్లో మిక్సీలు రెండు, ఒకటి మనుషులకి, ఒకటి ఆకులకి. కొత్తది ఆకులకి. చుట్టాలెవరైనా మంచినీళ్ళ కోసం ఫ్రిజ్ తలుపు తెరిస్తే నీళ్ళ సంగతి మరిచిపోయి, "ఇంట్లో అందరికీ ఒంట్లో బాగుంటోందా?" అని మెల్లగా అడిగేవారు.

వీధిలో వాళ్ళు ఆయన్ని ఆకులాయన అనేవారు. కాబట్టి ఆవిడ ఆకులావిడ. ఆవిడ చదివింది చరిత్ర, మంచి మార్కులతోనే పాసయింది. "రాజులు చచ్చాక చదివేది నా చదువు, ఆకులు ఎండాక చదివేది మీ చదువు. ఈ ఇంట్లో బతికున్నవాళ్ళను పట్టించుకునే చదువే లేదు" అనేది మొగుడితో. ఆయన అవునని తలూపేవాడు. వినేవాడు కాదు గానీ తలూపడంలో ఏ లోటూ చేసేవాడు కాదు.

ఆయన పని మొక్కల్లో మందులు వెతకడం. పాత మందులకు అలవాటుపడి, ఎంత వేసినా చావని మొండి క్రిములు కొన్ని ఉన్నాయి. అవి పుండులో చేరాయంటే కాలో వేలో తీసేస్తే తప్ప మనిషి దక్కడు. వాటిని చంపే పదార్థం ఏ ఆకులోనో, ఏ బెరడులోనో ఉండకపోదని ఆయన నమ్మకం. అందుకోసం పదేళ్ళు కొండలూ అడవులూ తిరిగాడు. చివరికది దొరికింది సొంత పెరట్లో.

వంటింటి వెనక గోడకు ఒక పిచ్చితీగ అల్లుకుని ఉండేది. ఎవరూ నాటలేదు, ఎవరూ నీళ్ళు పొయ్యలేదు. గిన్నెలు కడిగిన నీళ్ళు పోయే కాలవ పక్కనే దాని మొదలు. ఒక ఆదివారం కాలవకు ఏదో అడ్డంపడితే పుల్ల పెట్టి కెలకమని ఆవిడ ఆయన్ని పంపింది. గంటయినా మనిషి రాలేదు. వెళ్ళి చూస్తే గొంతుక్కూర్చుని కాలవలోకి చూస్తూ ఉన్నాడు.

"ఇందులో పడ్డవన్నీ కుళ్ళాయి. ఈ ఆకు ఒక్కటీ కుళ్ళలేదు, చూశావా?"

"చూశాను. కాలవ కూడా కదల్లేదు."

పెరటి చెట్టు వైద్యానికి పనికిరాదంటారు. ఆ సామెతను అబద్ధం చెయ్యడానికే పుట్టినట్టు ఆయన ఆ రోజు నుంచి ఆ తీగను పట్టుకుని వేలాడాడు.

ఆ ఏడే ఆవిడ చెల్లెలు కూడా పరిశోధనకని బావ ల్యాబులో చేరి, వీళ్ళింట్లోనే ఉండసాగింది. అక్కేమో తాటిచెట్టంత మనిషి. చెల్లెలు అక్క భుజానికి కూడా అందదు. అందుకని ఇంటిల్లిపాదికీ ఆమె పొట్టి. వీళ్ళ నాన్న లెక్కల మాస్టారు. జవాబు సరిగ్గా ఉన్నా మధ్యలో మెట్లు లేకపోతే సున్నా చుట్టే మనిషి. "తప్పు చెయ్యొచ్చు, మెట్టు దాచకూడదు. మెట్లు లేని జవాబు ఎంగిలి జవాబు" అనేవాడు. పెద్దదాని మీద ఆయనకు ప్రేమ ఉండేది. పొట్టి మీద ప్రేమతో పాటు గర్వం కూడా ఉండేది. ఆ తేడా పెద్దదానికి తెలుసు. తెలిసినా పైకి అనలేదు.

పొద్దున్నే పొట్టి సంచి పట్టుకుని పెరట్లోకి వెళ్ళేది. తన ఎత్తుకు అందినవే కోసేది. గోడ కింది వరసలో, కాలవ చెమ్మలో ఉండే ముదురాకులు. వాటి అడుగున బూడిద పులిమినట్టు మసక. రెండుసార్లు దులిపి సంచిలో వేసుకునేది.

"కాస్త నీళ్ళల్లో జాడించవే. చూడ్డానికే అసహ్యంగా ఉన్నాయి."

"తినేది బావ కాదక్కా, క్రిములు. వాటికంత పట్టింపు లేదు."

ఆకుల్ని నీడలో ఎండబెట్టి, పొడి చేసి, ఆల్కహాల్లో మూడు రోజులు నానబెడతారు. వడకట్టి ఆవిరి చేస్తే అడుగున నల్లటి జిగురు మిగులుతుంది. క్రిములు పెంచిన గాజుప్లేటు మధ్య, ఆ జిగురు అంటించిన కాగితపు చుక్క పెడతారు. పనిచేసే మందైతే చుక్క చుట్టూ క్రిములు పెరగవు. నున్నగా, ఖాళీగా ఒక రింగు ఏర్పడుతుంది. రింగు ఎంత వెడల్పుంటే మందు అంత గట్టిది.

పొట్టి పెట్టిన చుక్కకు ఇరవై రెండు మిల్లీమీటర్ల రింగు వచ్చింది. తరవాత ఇరవై నాలుగు. మళ్ళీ ఇరవై మూడు. మొండి క్రిములకు ఆస్పత్రుల్లో ఆఖరి ఆశగా ఇచ్చే మందుక్కూడా అంత రాదట. ఆ రోజు ఆకులాయన ఇంటికొచ్చి, ఉప్పెయ్యడం మరిచిపోయిన కూరను బాగుందని రెండుసార్లు వడ్డించుకు తిన్నాడు. పొట్టి వంటింటి గట్టు మీద కూర్చుని కాళ్ళూపుతూ, "నాన్నకు నేనే చెప్తా, ఎవరూ ముందు చెప్పొద్దు" అంది.

రెండో ఏడు ల్యాబులో పని పెరిగింది. పొట్టికి ఆకులు కోసే తీరిక లేకపోయింది. ఆ పని అక్క తీసుకుంది.

అడగ్గానే ఒప్పుకోవడం కాదు, ఎదురుచూస్తున్నదానిలా తీసుకుంది. డిగ్రీ చదివిన మనిషి పదమూడేళ్ళుగా ఆ బుడ్డీల పక్కన పాలగిన్నెకు చోటు వెతుక్కుంటోంది. ఇప్పుడా బుడ్డీల్లో తన చెయ్యి కూడా ఒకటి పడుతుంది. చేసే పని నలుగురూ మెచ్చేట్టు చెయ్యాలనుకుంది. మసకపట్టిన కింది ఆకుల్ని వదిలేసింది. స్టూలెక్కి, పై వరసలో ఎండ తగిలే లేతాకులు కోసింది. ఆకుకూర కడిగినట్టు మూడు నీళ్ళు కడిగింది, మధ్యలో ఒకటి ఉప్పునీళ్ళు. మేడ మీద గదిలో ఉతికిన దుప్పటి పరిచి ఆరబెట్టింది. పొట్లం విప్పి చూసి ఆకులాయన, "అబ్బ, ఎంత శుభ్రంగా చేశావు" అన్నాడు.

పెళ్ళయ్యాక ఆయన ఆవిడ పనిని నోరారా మెచ్చుకోవడం అదే మొదటిసారి. మరుసటి వారం ఆవిడ ఇంకో నీళ్ళు ఎక్కువ పోసింది.

రింగులు తగ్గసాగాయి. ఇరవై, పదకొండు, ఆరు. తరవాత ఏమీ లేదు. కాగితపు చుక్కను ఒరుసుకుని క్రిములు హాయిగా పెరిగాయి. నాలుగు నెలలు ఆల్కహాల్ మార్చారు, గాజుసామాను మార్చారు, క్రిముల్ని కొత్తగా తెప్పించారు. పెరటి ఆకుల సంగతి ఎవరికీ తట్టలేదు. అదే తీగ, అదే గోడ కదా. ల్యాబులో ఎవరో మొదట గుసగుసగా, తరవాత మామూలుగా అన్నారు. అసలు ఆ మొదటి అంకెలే నిజం కావేమో అని. భోజనాల దగ్గర ఆకులాయన కూడా, "మరీ అంత అందమైన అంకెలు ఎక్కడైనా వస్తాయా" అనడం మొదలుపెట్టాడు.

ఒక మధ్యాహ్నం పొట్టి వంటింటి గుమ్మంలో నిలబడింది.

"అక్కా, ఆకులు ఎలా కోస్తున్నావు?"

"చేత్తో."

"అది కాదక్కా. ఏవి కోస్తున్నావు? ఏమైనా మార్చావా?"

ఆకులావిడకు ఒళ్ళు మండింది. వారం నుంచి మొగుడి మొహం చూడలేక చస్తోంది. ఇప్పుడిది తన పీకల మీదికి తేవాలని చూస్తోందనుకుంది.

"మార్చానే. నీకన్నా శుభ్రంగా చేస్తున్నాను. మీ బావే అన్నారు కావాలంటే వెళ్ళి అడుగు. ల్యాబులో తప్పు చేసి వంటింట్లో వెతక్కు."

పొట్టి గట్టు మీద బోర్లించిన గ్లాసును తిప్పి పెట్టి, "సరే అక్కా" అని వెళ్ళిపోయింది. బాగా అన్నాననుకుంది ఆకులావిడ. ఆ రోజు సాయంత్రం దాకా ఆ మాటను మనసులో రెండు మూడుసార్లు చప్పరించింది కూడా.

పొట్టి అంకెల మీద ల్యాబు పెట్టిన విచారణకు ముగ్గురు కూర్చున్నారు. ప్రాణమున్న క్రిములు కాబట్టి కొలతలు తీసిన ప్లేట్లను ఆ రోజే ఉడికించి పారేయాలన్నది ల్యాబు నియమం. ప్లేట్లు లేవు. ఫోటోలున్నాయి, కానీ అందులో ఉన్న రింగు ఏ మందుదో ఫోటో చెప్పదు. మిగిలింది పొట్టి నోటుపుస్తకం. ఆకులాయన్ని అభిప్రాయం అడిగారు. "ఆ అంకెలు మళ్ళీ రాబట్టలేకపోయాను" అన్నాడు. అబద్ధం ఒక్క ముక్క లేదు. దానితోనే పొట్టి చదువు ముగిసింది.

నాన్నకు ఫోన్ చేసింది ఆకులావిడే.

"అంకెలు అల్లిందా?" అన్నాడు మాస్టారు.

"అలాగే అంటున్నారు నాన్నా."

"వాళ్ళనేది కాదు. నువ్వు పక్కనే ఉన్నావు. నీకేమనిపిస్తోంది?"

వంటింటి గుమ్మంలో అడిగిన ప్రశ్న ఆవిడకింకా పచ్చిగానే ఉంది.

"దానికి మొదట్నుంచీ తొందరెక్కువ" అంది.

మాస్టారు ఫోన్ పెట్టేశాడు.

పొట్టి పుట్టింటికి వెళ్ళిపోయింది. తండ్రి ఆమెను పొమ్మనలేదు, పలకరించలేదు. ఆమె గదిలోకి వస్తే పేపరు విప్పుకునేవాడు. ఆమె తన నోటుపుస్తకానికి నకలు తీసి ఆయన బల్ల మీద పెట్టింది. అది పెట్టినచోటే ఉండటం చూసి కొన్నాళ్ళకు వేరే ఊళ్ళో చిన్న ఉద్యోగం వెతుక్కుంది. పండక్కీ పబ్బానికీ వచ్చి, ఆ పేపరు వెనకాల ఉన్న మనిషితో కాసేపు మాట్లాడి వెళ్ళేది. రెండేళ్ళు అలా గడిచాక ఒక మధ్యాహ్నం మాస్టారు కుర్చీలో కూర్చున్నవాడు కూర్చున్నట్టే పోయాడు. పొట్టి వచ్చింది, అందరికన్నా వెనక నిలబడింది, అందరికన్నా ముందు వెళ్ళిపోయింది. ఆ తరవాత అక్క ఎన్నిసార్లు చేసినా ఫోన్ ఎత్తలేదు.

నాన్న బల్ల సర్దుతుంటే ఆకులావిడకు ఆ నకలు దొరికింది. పైపైన దుమ్ము ఉంది గానీ లోపల పేజీ పేజీకీ ఎర్ర సిరా టిక్కులు. ప్రతి కూడికా, ప్రతి సగటూ ఆయన మళ్ళీ చేసి చూశాడు. ఆఖరి పేజీలో ఆయన గుండ్రటి అక్షరాలు: "మెట్లన్నీ ఉన్నాయి. ఈ పిల్ల తప్పు చెయ్యలేదు. అడగాలి." ఎవరిని, ఏమని అడగాలో రాయలేదు. అడగకుండానే పోయాడు.

అది పొట్టికి చేర్చాలి. ఆకులావిడకా సంగతి తెలుసు. కానీ పొట్టి తప్పు చెయ్యకపోతే మరెవరు చేసినట్టు? అప్పటికావిడకు తట్టింది మొగుడొక్కడే. ఇంటి పరువనుకుంది, చూద్దాంలే అనుకుంది, చీరల బీరువాలో అడుగున పెట్టింది. నాలుగేళ్ళు గడిచాయి. ఆ బీరువా తీసినప్పుడల్లా పై చీరలే కట్టుకునేది.

మొన్న ఎండాకాలం ఒకరోజు ఆకులాయన టిఫిను తింటూ ఫోన్లో ఏదో చదివాడు. ల్యాబు వేరే మొక్కల మీదికి మళ్ళినా, మొండితనం కొద్దీ ఆయన ఇప్పటికీ వారానికొక పొట్లం ఆ తీగాకు తీసుకెళ్ళేవాడు. ఆవిడ కడిగి ఇచ్చేది.

"చూశావా, ఎక్కడో వాళ్ళు మన తీగ జాతిలోనే మందు పట్టేశారు. రోగుల మీద పరీక్షలు కూడా మొదలుపెట్టారట."

"మరి మీకెందుకు రాలేదు?"

"మనది వేరే రకమై ఉంటుంది. వాళ్ళ తీగలో అసలు మందు తీగదే కాదట. ముదురాకుల అడుగున బూజు లాంటిది పెరుగుతుందట, చెమ్మగా ఉండే చోట. మందు తయారుచేసేది ఆ బూజు. నీళ్ళు పోసి కడిగితే పోతుందని రాశారు." ఆయన ఫోన్ పక్కన పెట్టాడు. "మన ఆకులో అదీ లేదు, ఇదీ లేదు. ఉప్మా ఇంకో రెండు చెమ్చాలు వెయ్యి."

ఆవిడ వేసింది. ప్లేట్లో కాదు, బల్ల మీద.

"ఏమైంది?"

"చెయ్యి జారింది."

సోమవారం ఆవిడ స్టూలు తియ్యలేదు. పెరట్లో కాలవ పక్కన మోకాళ్ళ మీద కూర్చుంది. అలా కూర్చుంటే గానీ పొట్టి ఎత్తు రాలేదు. ఆ ఎత్తు నుంచి చూస్తే గోడ వేరేగా ఉంది. కింది వరస నిండా ముదురాకులు, అడుగున బూడిద పులిమినట్టు మసక. ఆరేళ్ళుగా ఎవరూ ముట్టలేదు. సంచి నిండా కోసింది. రెండుసార్లు దులిపింది. నీళ్ళ చుక్క తగలనివ్వలేదు. ఎండబెట్టి, పొడి చేసి, ఎప్పటి పొట్లంలాగే కట్టి బుధవారం ఆయన సంచిలో పెట్టింది. ఒక్క మాట చెప్పలేదు. రింగు రాకూడదని దేవుడికి మొక్కుకుంది. మందు కోసం ఇరవై ఏళ్ళు మొక్కిన ఇంట్లో ఇలాంటి మొక్కు అదే మొదటిది.

రెండు వారాల తరవాత పట్టపగలు ఆకులాయన చెప్పులు విప్పకుండా వంటింట్లోకి వచ్చాడు. చేతిలో ఫోన్, ఫోన్లో ఫోటో. చుక్క చుట్టూ నున్నటి పెద్ద రింగు.

"ఇరవై మూడు. ఇరవై మూడు మిల్లీమీటర్లు. ఈసారి ఆల్కహాల్లో నీళ్ళ పాలు తగ్గించాను చూడు, అదీ కిటుకు. ఇన్నాళ్ళూ నాకెందుకు తట్టలేదో." ఇన్నేళ్ళలో ఎన్నడూ లేనిది ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

ఆ చెయ్యి కాసేపు అలాగే ఉండనిచ్చింది ఆవిడ. తరవాత అంది.

"కిటుకు నీళ్ళదే. కానీ మీ నీళ్ళు కాదు. ఈ పొట్లంలో ఆకులు నేను కడగలేదు."

"అంటే?"

"పొట్టి కోసిన చోట కోశాను. పొట్టిలాగే దులిపాను. మిగతా పొట్లాలన్నీ, నేను పని తీసుకున్న రోజు నుంచి నిన్నటి దాకా, పై ఆకులు కోసి మూడు నీళ్ళు కడిగినవి. మీరు మెచ్చుకున్నాక నాలుగు."

ఆయన స్టూలు లాక్కుని కూర్చున్నాడు. ఫోన్ ఇంకా వెలుగుతూనే ఉంది. "ఇలాంటివి మూడుసార్లు చేసి చూడందే ఏమీ అనకూడదు. అది పద్ధతి" అన్నాడు.

"దాన్ని పంపించేసినప్పుడు ఎన్నిసార్లు చేసి చూశారు?"

ఆయన తల దించుకున్నాడు. ఈసారి ఊపలేదు.

మూడుసార్లూ చేశాడు. మూడుసార్లూ రింగు వచ్చింది. మొన్న ఫోన్లో చదివిన వార్తలోని వాళ్ళు రోగుల దాకా వెళ్ళిపోయారు. వీళ్ళ చేతిలోకి వచ్చినది ఆరేళ్ళు కాలవలో పారింది. ఈ ఆరేళ్ళలో ఎందరి కాళ్ళు పోయి ఉంటాయో అని ఆయన ఒకసారి పైకే అన్నాడు. ఆవిడ లెక్కలో ఉన్నది ఇద్దరే. ఒకరు పేపరు వెనక కూర్చున్న మనిషి, ఇంకొకరు ఆ పేపరుతో మాట్లాడిన మనిషి.

ల్యాబు పెద్దలకు ఆయన ఉత్తరం రాశాడు. ఆవిడ చదివింది. "పూర్వ ఫలితాల విషయంలో పొరపాటు జరిగినట్లు గమనించడమైనది."

"జరిగిందా? వాన పడినట్టు?"

"ఆఫీసు ఉత్తరాలు అలాగే రాస్తారు."

"ఎవరు చేశారో రాయండి. మీరు చేసింది మీరు రాయండి. నేను చేసింది కూడా రాయండి, నాకేం సిగ్గు లేదు. ఉన్న సిగ్గంతా పోయింది."

నాలుగో చిత్తులో ఆయన 'నేను' అని రాశాడు. ఆ ఒక్క మాటకు అరపూట పట్టింది. కవరు అంటిస్తూ, "పొట్టికి కూడా ఒక నకలు పంపుదాం. నేను ఏ మొహం పెట్టుకుని వెళ్ళను?" అన్నాడు.

"మీకైనా నాకైనా ఉన్నది ఒక్కటేగా మొహం" అని ఆవిడ బీరువా తెరిచి, చీరలన్నీ కింద పడేసి, అడుగున ఉన్న నోటుపుస్తకం నకలు తీసి సంచిలో పెట్టుకుంది.

పొట్టి పనిచేసేది ఒక రక్తపరీక్షల సెంటర్లో. పిన్ని కూతురి ద్వారా ఆ సంగతి ఎప్పుడో తెలుసు. ఫోన్ ఎత్తని మనిషి ఎదురుగా కనబడితే లేచి వెళ్ళిపోదని నమ్మకమేమిటి? బస్సులో నాలుగు గంటలు ఆలోచించి, ఆకులావిడ దానికొక ఉపాయం పన్నింది. పన్నినందుకు తనలో తానే కాస్త నవ్వుకుంది కూడా. అదే ఆ రోజుకు ఆఖరి నవ్వు.

"ఏ పరీక్షమ్మా?" అన్నాడు కౌంటరు మీద గుమస్తా.

"ఏదైనా ఫర్వాలేదు బాబూ. సూది గుచ్చేదై ఉండాలి."

గుమస్తా తలెత్తి చూశాడు.

"షుగర్ రాసెయ్యి" అంది. "పొద్దున్నుంచి ఏమీ తినలేదు, అదైనా పనికొస్తుంది."

టోకెన్ ఇచ్చాడు. ముందు పదకొండు మంది ఉన్నారు. ఎదుటి కుర్చీలో ఒక పెద్దాయన మోచేతి మడతలో దూది నొక్కుకుని, ఏదో గొప్ప పని చేసినవాడిలా అందరినీ చూస్తున్నాడు. నీలం తెర వెనక నుంచి ఒక గొంతు వినబడుతోంది. "పిడికిలి బిగించండి. వదలండి. అయిపోయింది." మళ్ళీ, "పిడికిలి బిగించండి." ఆ గొంతు వినడం నాలుగేళ్ళ తరవాత. ప్రతిసారీ ఆకులావిడ పిడికిలి దానంతటదే బిగుసుకుంది.

తన నంబరు పిలిచారు. లోపల చిన్న గది. ఒక బల్ల, రెండు కుర్చీలు, గొట్టాలు గుచ్చిన స్టాండు. పైఅర అందడానికి పొట్టి తన కుర్చీ కింద ఒక చెక్కపీట పెట్టుకుని ఉంది. చెవుల పక్కన జుట్టు నెరిసింది. తన చెల్లెలికి జుట్టు నెరవచ్చన్న సంగతి ఆకులావిడకు ఎన్నడూ తోచలేదు.

పొట్టి గొట్టానికి నంబరు అంటించి తలెత్తింది. చూసింది. తల దించి ఇంకో సూది విప్పింది.

"కూర్చోండి. చెయ్యి చాపండి."

ఆకులావిడ కూర్చుని చెయ్యి చాపింది. పొట్టి రబ్బరు పట్టీ బిగించి కట్టింది. వేలితో నరం వెతికింది. ఆ వేళ్ళు చల్లగా, ఏ తొందరా లేకుండా ఉన్నాయి. ఇలాంటి చేతుల్ని తొందరెక్కువ అన్నాను, అనుకుంది ఆకులావిడ.

"పిడికిలి బిగించండి."

రెండో చేత్తో ఆకులావిడ సంచిలోంచి నకలు తీసి బల్ల మీద పెట్టింది.

"ఇది నాన్న బల్ల మీద దొరికిందే."

పొట్టి దాని వంక చూసింది. సూది మూత మళ్ళీ పెట్టింది. మొదటి పేజీ తిప్పింది, తరవాత గబగబా నాలుగు పేజీలు. ఎర్ర టిక్కుల మీద వేలు పెట్టి ఒక్కొక్కటే జరుపుతూ పోయింది. ఆఖరి పేజీ దగ్గర వేలు ఆగింది. పెదవులు కదిలాయి గానీ పైకి చదవలేదు. తెర బయట ఎవరో దగ్గారు. గోడ గడియారం ముల్లు టిక్కు టిక్కుమంటూ ముందుకు పోయింది. పొట్టి ఆ పేజీని మళ్ళీ మొదట్నుంచి చదివింది.

"ఇది నీ దగ్గర ఎన్నాళ్ళ నుంచి ఉంది?"

"నాలుగేళ్ళు."

"నాలుగేళ్ళు" అంది పొట్టి. అడిగినట్టు కాదు, గొట్టం మీద నంబరు చదివినట్టు. "ఆయన నాతో మాట్లాడలేదని నేను ఇంకా..." మాట పూర్తి చెయ్యలేదు. అరచేత్తో మొహం తుడుచుకుంది. చేతి తొడుగు తడిసింది. అది విప్పి డబ్బాలో పడేసి, ఇంకొకటి తొడుక్కుంది.

రబ్బరు పట్టీ ఇంకా బిగించే ఉంది. విప్పడం పొట్టి మరిచిపోయింది. ఆకులావిడ చెయ్యి మొద్దుబారి వేళ్ళు నీలంగా మారుతున్నాయి. విప్పమని అడగలేదు.

"ఎందుకొచ్చావు?" అంది పొట్టి.

ఆకులావిడ బస్సులో వాక్యాలు కూర్చుకుంది. బావ రాసిన ఉత్తరం సంగతి, మూడుసార్లు వచ్చిన రింగు సంగతి, ఎక్కడో ఎవరో చెప్పిన బూజు సంగతి, అన్నీ వరసగా. ఇప్పుడు వాటిలో ఒక్కటీ నోటికి రాలేదు.

"ఆ రోజు వంటింటి గుమ్మంలో నిలబడి అడిగావే, ఆకులు ఎలా కోస్తున్నావని. నేను చెప్పలేదు. ఇప్పుడు చెప్తాను, విను. నువ్వు కోసినవి వదిలేసి పైవి కోశాను. మూడు నీళ్ళు పోసి కడిగాను. మందంతా ఆ మసకలోనే ఉందట. నా చేత్తోనే కాలవలోకి పారబోశాను. నువ్వు అడిగినప్పుడు చెప్పి ఉంటే నీకు ఆ క్షణమే తెలిసిపోయేది. నాన్న అడిగితే కూడా నీ మీదే చెప్పాను."

పొట్టి నకలు మూసి పక్కన పెట్టింది.

"తప్పు ల్యాబులో లేదే పొట్టీ. వంటింట్లోనే ఉంది. తప్పు నాదే."